మూడో మంచం ఫ్రెంచి మాష్టారు

ముందే సెప్పీత్తన్నాను, మొదట్లో నాకు ఆ మనిషంటే ఒళ్ళు మంట.

పలాస డయాలసిస్ సెంటర్లో నాది నాలుగో మంచం, ఆయనది మూడోది. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాన్నం పన్నెండింటికి ఎడం సేతికి రెండు సూదులు గుచ్చి మిషన్‌కి కట్టీత్తారు. నాలుగు దాకా అంతే. ఒత్తిగిలితే గొట్టం మడతడిపోద్ది, మిషన్ కుయ్ కుయ్‌మంటాది, రజని నర్సమ్మ పరిగెట్టుకొచ్చి సీవాట్లు పెడతాది. నా పేరు పోలారావు. వజ్రపుకొత్తూరు ఒడ్డున మా పేటలో ఎవుల్ని అడిగినా సెప్తారు, ముప్పై ఏళ్ళు సముద్రంలో ఏట సేసినోడ్ని. అలాటోడ్ని ఇప్పుడు రాటకి కట్టిన గేదిలాగ మూరెడు గొట్టానికి కట్టీసి ఉంచినారు. అది సాల్దన్నట్టు పక్క మంచం మీంచి నాలుగు గంటలూ ఇదొకటి.

"జ స్యుయి... త్యు ఎ... ఇల్ ఎ..."

మొదటి రోజు జొరం తలకెక్కీసిందేమో అనుకున్నాను. రెండో రోజు మంత్రం అనుకున్నాను. మూడో రోజు ఇంక ఉండలేకపోనాను.

"ఏటి మాష్టారూ ఆ జపం? లెగిసి ఎలిపోదామంటే నా సెయ్యి మిషన్‌కి ఉంది గానీ, లేకపోతే ఎప్పుడో పోదును" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వినాడు. "ఫ్రెంచి బావా. గ్రామరు."

ఆల కులమేటో, మా కులమేటో, గానీ మిషన్ కాడ అందరం బావలమే. "ఫ్రెంచేటి? ఈ వొయిసులో ఫ్రెంచెందుకు? సూది గుచ్చినప్పుడు ఓలమ్మా అనడానికి తెలుగు సాల్లేదా?" అన్నాను. స్టూలు మీద కూకున్న నా పెళ్ళాం జోగమ్మ నా తొడ మీద గిల్లి, "సదువుకున్నోల్ని అలగ అనకు" అంది. ఎప్పుడూ అంతే, దానికి సదువుకున్నోలంటే దేవుళ్ళు.

తిరుమలరావు మాష్టారిది సుమ్మాదేవి పక్కన ఊరు. జీడితోటలున్న ఇల్లు. టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో పందొమ్మిదేళ్ళు ఇంగ్లీషు సెప్పినాడు. కిడ్నీల సంగతి బయటపడ్డాక మంచోడిలాగ ఎల్లి బడోలకి ఉన్నదున్నట్టు సెప్పీసినాడు, వారానికి మూడు పూటలు రాలేనని. ఆలు ఎంతో మర్యాదగా, "మీరు విశ్రాంతి తీసుకోండి మాష్టారూ" అన్నారు. శాలువా కప్పినారు, పూలదండేసినారు, ఫొటో తీసినారు, ఇంటికి పంపీసినారు. ఇంటికొచ్చిన నెల్లాళ్ళు ఆయన సొక్కా మార్చలేదంట. ఆయన పెళ్ళాం ఉషారాణి సెప్పింది మా జోగమ్మకి. పొద్దున్నే లెగడం, గోడకేసి సూడ్డం, మళ్ళీ పడుకోవడం. సూడ్డానికొచ్చిన ప్రతోడూ నంబరు అడిగి నాలిక సప్పరించి ఎలిపోవడం.

నంబరు అంటే ఏటో బయటోలకి తెలీదు కావాల. మా ఉద్దానంలో ఇంటికొకరికి కిడ్నీ జబ్బే, మనిషీ మనిషీ ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. "క్రియాటిన్ ఎంతుంది?" అని అడుగుతారు. రత్తంలో ఆ అంకె పెరిగే కొద్దీ కిడ్నీలు పోతన్నట్టు. పెళ్ళి భోజనాల కాడ అదే, బస్సు ఎక్కినా అదే, సావింటికి పలకరింపుకెల్లినా అదే. ఒకటి పాయింటు రెండు అన్నోడు పెసిడెంటు గెలిసినట్టు నవ్వుతాడు. నాలుగు అన్నోడు తల దించుకుంటాడు. మాకది తుమ్మితే సిరంజీవ అన్నట్టు అలవాటైపోనాది, అడిగినట్టు కూడా తెలీదు.

అందుకే మాష్టారు ఒట్టేసుకున్నాడు, ఇంక పరాయోడికి నిజం సెప్పకూడదని.

అప్పుడే ఆయన సెవిని ఒక ఇసయం పడింది. పలాసలో ఢిల్లీరావు గారని ఒక జీడి ఫ్యాక్టరీ యజమాని. మన తోటల్లో పిక్కలు సాలవు కదా, ఓడలమీద ఐవరీ కోస్టు నుంచి జీడిపిక్కలు తెప్పిత్తారు. అక్కడోలకి ఇంగ్లీషు రాదు, ఫ్రెంచే. ఆలతో మాటాడే మనిషి ఈయనకి కావాల. మాష్టారు ఎల్లి, "నాకు ఇంగ్లీషొచ్చండి, ఫ్రెంచి సీజను లోపల నేర్చుకుంటాను" అన్నాడంట. ఢిల్లీరావు గారు ఎగాదిగా సూసి, "అక్కడ నా సరుకు సూసేవోడు కువాసీ అని పెద్దమనిషి. జనవరిలో నీకు ఫోన్ కలుపుతాను. ఆడితో తడుముకోకుండా మాటాడితే కుర్చీ నీది" అన్నాడంట.

"మరి ఈ మూడు పూటలో?" అన్నాను నాను.

"పలాసలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు చెప్తానని చెప్పాను. పన్నెండు నుంచి నాలుగు."

"అబద్ధం కదేటి?"

"నీకు చెప్తున్నాను కదా బావా" అన్నాడు.

ఎంత ఉక్కపోతైనా పొడుగు సేతుల సొక్కాయే. సేతిమీద డయాలసిస్‌కి కట్టిన నరం ఉబ్బి బుర్రుబుర్రుమంటాది కదా, అది కనపడకూడదని. ఆ కుర్చీ దక్కకపోతే ఆయనకి ఇంక మిగిలింది ఈ మంచమొకటే. ఆ సంగతి ఆయన నోటితో అన్లేదు గానీ, పుస్తకం పట్టుకునే ఇదానం సూత్తే గుడ్డోడికైనా తెలిసిపోద్ది.

సరే, నాకు తప్పించుకునే దారి లేదు, ఆయనకీ లేదు. ఇనగా ఇనగా నాకూ ఎక్కడం మొదలైంది. ఆయనతో వొచ్చిన తంటా ఏటంటే, ప్రతీదీ ముందు ఇంగ్లీషులో అనుకుని, దాన్ని ఫ్రెంచిలోకి తిప్పుతాడు. టెక్కలి నుంచి పలాస రావడానికి విశాఖపట్నం ఎల్లొచ్చినట్టు. ఒకరోజు "జ స్యుయి స్వాఫ్" అని పదిసార్లు అన్నాడు. ఫోన్లో పాఠం సెప్పే ఆడమనిషి పదిసార్లూ తప్పే అంది.

"ఏటంటే దానర్థం?"

"నాకు దాహంగా ఉంది అని. ఇంగ్లీషులో 'నేను దాహంగా ఉన్నాను' అంటారు. ఫ్రెంచిలో దాహం నా దగ్గర ఉంది అనాలంట. జే స్వాఫ్. పంతొమ్మిదేళ్ళ ఇంగ్లీషు బావా, నాలిక వదల్దు."

"తెలుగులో అనుకోరాదా? నాకు దాహం ఉంది. అంతే కదేటి."

ఆయన నా ముకం కేసి సూసినాడు. తరవాత మెల్లిగా, "రోజుకి రెండు గ్లాసులు దాటి నీళ్ళు తాగకూడనోడు 'నేనే దాహం' అంటే తప్పేముంది? ఆ అమ్మాయికేం తెలుసు" అన్నాడు. ఇద్దరం నవ్వీసినాం. నవ్వితే గొంతు ఇంకా ఎండిపోనాది.

ఇంకోటి. ఆలకి బల్లా కుర్చీ అన్నిట్లోనూ ఆడ మగ ఉన్నాయంట. ఇది బాగుందనిపించి అడగడం మొదలెట్టినాను. కుర్చీ ఆడదంట. మంచం మగోడంట. మిషన్ ఆడది. "అందుకే అంత గోల సేత్తాది" అన్నాను, రజని నర్సమ్మ గుర్రుమని సూసింది.

"సముద్రం?" అన్నాను.

"లా మేర్. ఆడది."

నాకు ఒళ్ళు జల్లుమంది. గంగమ్మ తల్లి ఆడదని ఎక్కడో ఆ దేశంవోలకీ తెలుసన్నమాట. ఏడాదైపోనాది నాను తెప్ప ఎక్కి. ఇంటి అరుగు మీంచి కెరటాల సప్పుడు ఇనపడతాది, దిగడానికి లేదు, సెయ్యి తడవకూడదు, మోకులు లాగకూడదు. ఆ రోజు కళ్ళు తుడుసుకోడానికి కూడా కుడిసెయ్యి ఒకటే కాళీ.

"మరి తెప్ప?"

"పడవ మగది బావా. ల బాతో."

"సాల్లెండి! పడవ మగోడేటి? తల్లి లాగ కడుపులో పెట్టుకుని తెచ్చి ఒడ్డునేత్తాది. ఆలకి ఏట తెలీదు" అన్నాను. దానిమీద మేం రెండు వారాలు దెబ్బలాడుకున్నాం.

జనవరిలో ఒక బుధారం, మూడింటికి, ఫోన్ మోగింది. ఒకే ఫోన్లో ఢిల్లీరావు గారు, కువాసీ ఇద్దరూ. రేపన్నారంట, ఈరోజే కలిపీసినారు. మాష్టారి ముకం సున్నం కొట్టినట్టైపోనాది. నాను ఊపిరి బిగబట్టి కట్టెలాగ పడుకున్నాను, నా మిషన్ కుయ్‌మంటే ఆయన కొంప మునుగుతాది కదా. జోగమ్మ తలుపు మూసీసింది.

మాటాడుతన్నాడు. బాగానే మాటాడుతన్నాడు. గానీ నాకు "త్యు, త్యు" అని ఇనపడతన్నాది. ఓలమ్మో! అది నువ్వు అనడం. నాలుగు నెలలు ఇన్నాను, ఆ మాత్రం తెలీదా? ఇంగ్లీషులో నువ్వన్నా మీరన్నా ఒకటే మాటంట, ఆ అలవాటు. అవతలోడు తలపండిన మనిషి, యాపారి, ఆడి గొంతు మెల్లిగా బిగుసుకుపోతన్నాది. నాను కుడిసెయ్యి సాపి మాష్టారి మంచం మీద గుద్దినాను. "మీరు! మీరనండి!" అని పెదాలతో సెప్పినాను.

ఆయనకి ఎలిగింది. "వూ, వూ, పర్దోఁ" అన్నాడు, మీరు, మీరు, సెమించండని. అవతల ఆ పెద్దాయన గట్టిగా నవ్వీసినాడు. ఆ నవ్వుతో పని అయిపోనాది. ఫోన్ పెట్టీసినాక మాష్టారు పైకప్పు కేసి సూత్తా, "మీరు అనడం తెలుగులో ఉంది బావా, మొదట్నుంచీ మన తెలుగులోనే ఉంది" అన్నాడు. పిల్లోడిలాగ ఏడిసీసినాడు. ఎందుకు అబద్ధం, నానూ ఏడిసినాను.

కుర్చీ దొరికింది. మంగళ, గురు, శనివారాలు ఫ్యాక్టరీలో. మిగతా రోజులు నాలుగు దాటాక ఇంట్లోంచే ఫోన్. సీజను మొదలైనాక అక్కడ కువాసీ బస్తాలోంచి కేజీ పిక్కలు తీసి, ఫోన్ ముందర ఒక్కోటీ కోసి సూపిత్తాడు. మంచి పప్పు ఒక పక్క, మచ్చపప్పు ఒక పక్క, పుచ్చు ఒక పక్క. దాన్ని కటింగ్ అంటారు. బస్తా మూతికాడ పిక్కలు కోసి సూపిత్తే మాష్టారు ఒప్పుకోడు. అడుగునుంచి తియ్యమంటాడు. జీడితోటలో పుట్టినోడు కదా, మూతికాడ ఎప్పుడూ మంచి పిక్కే పోత్తారని తెలుసు. ఢిల్లీరావు గారు ఎంత మురిసిపోనారంటే, మాష్టారు మంచం కాడికొచ్చి యజమాని మాటలు యాక్టు సేసి సూపించేవోడు. మా జోగమ్మ ఆయనకి దిట్టి తీసేది.

నవ్వితే ఏడుపొత్తాదంటారు. మార్చి నెల్లో ఒక సోమారం ఆయన పుస్తకం తియ్యలేదు.

"ఏటి మాష్టారూ?"

"పాస్‌పోర్టు అడుగుతున్నారు బావా. సీజను పూర్తయ్యేదాకా రెండు నెలలు నన్ను ఐవరీ కోస్టులోనే ఉండమంటున్నారు. బువాకే అనే ఊళ్ళో, గోడౌన్ దగ్గర. టిక్కెట్టు కూడా కొనేసారు."

వరసగా రెండు పూటలు మిషన్ ఎక్కకపోతే ఊపిరి ఆడదు, కాళ్ళు వాసిపోతాయి. రెండు నెలలు! బాగా నేర్చుకున్నందుకు పంపుతన్నారు. సరిగ్గా నేర్చుకోకపోతే ఈ గొడవే లేదు. మొదట వొల ఏసింది ఆయనే, ఇప్పుడు అందులో పడిందీ ఆయనే.

"నిజం సెప్పీండి."

"చెప్పాను కదా ఒకసారి. టెక్కలిలో. శాలువా ఇంకా బీరువాలో ఉంది" అన్నాడు. గొంతులో కోపం. "ఎల్లనంటే కుర్చీ పోతుంది. చెప్తే కుర్చీ పోతుంది. ఎల్తే నేనే పోతాను. ఏ కాలంలో చెప్పాలో చెప్పు, నిన్నటిదా, రేపటిదా? అన్నీ నేర్చుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు."

బుధారం ఒచ్చినప్పుడు ఆయన ఒంట్లో నీరెక్కువుంది. బెంగతో ఉప్పు సూసుకోలేదో ఏటో. రెండున్నరకి ఒక్కసారి కళ్ళు తేలేసినాడు. బీపీ పడిపోనాది. రజని పరిగెట్టుకొచ్చి తలగడ తీసీసి, కాళ్ళు ఎత్తిపెట్టి, "మాష్టారూ, మాష్టారూ" అని సెంపలు తడుతన్నాది. ఉషారాణి ఆయన కాళ్ళు రుద్దుతన్నాది. మిషన్ కుయ్ కుయ్ కుయ్. అదే అదనుకి ఆయన ఫోన్ మోగడం. ఒకసారి ఆగింది. మళ్ళీ మోగింది. ఇంకోసారి. ఎత్తేదాకా వొదిలీలాగ లేదు. కుడిసెయ్యి సాపి నాను ఎత్తినాను.

"మాష్టారున్నారా?" ఢిల్లీరావు గారి గొంతు.

"క్లాసులో ఉన్నారండి" అన్నాను. అది మేం ముందే అనుకున్న మాటే.

"నువ్వెవరు?"

"పోలారావునండి. ఆయన కాడ నేర్చుకుంతన్నాను."

"ఏ ఊరు నీది?"

"వజ్రపుకొత్తూరు ఒడ్డునండి."

"ఓహో, మా అమ్మగారిది అటేపే. సిన్నప్పుడు ఆ ఇసకలోనే ఆడినాను" అన్నారు, గొంతు మెత్తబడింది.

"అలగా! ఐతే మనోలేనండి. మీకెంతుందండి క్రియాటిన్?"

అనీసినాను. నా నోట్లో కెరటం పడ, అనీసినాను! మనోలు అనగానే ఆ మాట దానంతటదే వొచ్చీసింది. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో కూకున్నోడు ఎవుడైనా అడుగుతాడా ఆ మాట? వెనకాల మిషన్ కుయ్ కుయ్‌మంతన్నాది. రజని "సెలైన్ తిప్పండి" అని అరుత్తన్నాది. ఇంక అయిపోనాది, మాష్టారి కుర్చీ నా సేతులారా ఇరగ్గొట్టీసినాను అనుకున్నాను.

సాలా సేపటికి ఆ గొంతు అంది. "ఐదు పాయింటు ఎనిమిది."

నాకు అర్థం కాలేదు. "ఆఁ?"

"ఐదు ఎనిమిది. ఎవరితోనూ అనకు." మళ్ళీ ఆయనే, "ఆ కుయ్ కుయ్ మిషన్‌దేనా? మాష్టారిదా?"

"అవునండి" అన్నాను. ఇంక దాసి ఏటి లాభం? "బాబ్బాబు, ఆయన్ని తియ్యకండి. ఆ పుస్తకం తప్ప ఆయనకి..."

ఫోన్ కట్టైపోనాది.

నాలుగ్గంటలకి మాష్టారికి తెలివొచ్చినాక జరిగింది సెప్పినాను. నన్ను తిట్టుంటే బాగుణ్ణు. తిట్టలేదు. పుస్తకం ఉషారాణి సేతికిచ్చి, "సంచిలో పెట్టీ" అన్నాడు. ఢిల్లీరావు గారి నంబరూ సెప్పినాను గానీ, మాష్టారు ఇన్నట్టు లేదు. ఆ రెండ్రోజులూ నాను బువ్వ తిన్లేదు. జోగమ్మ, "నీ నోటికి తాళమెయ్యాల" అంది. ఏసుకోమన్నాను.

శుక్రవారం మాకు సూదులు గుచ్చి అరగంటైంది. తలుపు కాడ ఒక పొడుగాటి మనిషి, ఇస్త్రీ సొక్కా, సేతిలో కాయితాలు. నాకు సెప్పక్కర్లేదు ఎవరో. మాష్టారు లెగబోయినాడు.

"పడుకోండి, పడుకోండి" అన్నారు ఢిల్లీరావు గారు. మంచం కాళ్ళ కాడ నిలబడ్డారు. "టిక్కెట్టు కేన్సిల్ సేసీసినాను."

"అర్థమైందండి. సోమవారం ఉషారాణి వచ్చి నా సామాన్లు..."

"ఏటర్థమైంది మీకు?" అని ఆయన గట్టిగా అన్నారు. పక్క మంచాలోలు తలలు తిప్పినారు. తరవాత మా రెండు మంచాల మజ్జనున్న స్టూలు లాక్కుని కూకున్నారు. "రెండేళ్ళ కిందటి దాకా ప్రతి సీజనూ నానే ఎల్లీవోడ్ని. అంకెలు తప్ప ఒక్క ముక్క ఫ్రెంచి రాదు నాకు. సేతులు తిప్పుతా యాపారం సేసినాను, కువాసీ ఇంట్లో బువ్వ తిన్నాను. డాక్టరు ప్రయాణాలు మానీమన్నాక నా బదులు ఎల్లడానికి ఒక మనిషిని ఎతికినాను. బజార్లో తెలిత్తే నన్నెవడు నమ్ముతాడు? ఎవరికీ సెప్పకుండా ఎతికినాను. ఎతికెతికి నాలాటోడ్నే తెచ్చుకున్నాను."

ఉషారాణి ఆయనకి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసులో ఎంత మిగిలిందో సూసుకుని కింద పెట్టీసినారు. అలగ సూసుకునేది మాలాటోలే.

"మరి కుర్చీ?" అని నానే అడిగినాను. నోరు ఆగదు కదా.

"కుర్చీ ఎక్కడికి పోద్ది? ఇద్దరం ఎల్లలేం. ఇక్కడినుంచే సూద్దాం" అన్నారు.

కుర్చీ నిలబడింది. సంబరపడాలా, ఏడవాలా తెలీలేదు. మాష్టారు మళ్ళీ పుస్తకం తీసినాడు. కటింగ్ ఫోన్లు సెంటర్లోంచే సెయ్యడం మొదలెట్టినాడు, ఇంక దాసేదేటి? ఒకసారి కువాసీ, మీరు మా ఊరు ఎప్పుడొత్తారు అని అడిగినాడంట. మాష్టారు ఫోన్ తిప్పి తన సెయ్యీ, గొట్టాలూ, మిషనూ సూపించినాడు. ఆ పెద్దాయన నెత్తిమీద టోపీ తీసి సేతిలో పట్టుకున్నాడు. ఆ రోజు పిక్కలు అడగకుండానే అడుగునుంచి తీసి కోసినాడు.

ఢిల్లీరావు గారు అప్పుడప్పుడు కాయితాల వొంకతో వొచ్చి స్టూలు మీద కూకునేవోరు. నాను మామూలుగానే ఎంతుందని అడిగీవోడ్ని. వేసంకాలంలో ఆరు మూడు అన్నారు. జీడిపిక్కల ఓడ ఒచ్చిన నెల ఏడు ఒకటి. వినాయకచవితికి తల అడ్డంగా ఊపి ఊరుకున్నారు, నానూ మళ్ళీ అడగలేదు.

దసరా ఎల్లిన సోమారం. మేం ఒచ్చేసరికి ఐదో మంచం మీద రజని కొత్త దుప్పటి పరుత్తన్నాది. ఆ మంచం ముసలాయన పోయి పదిరోజులైంది. పన్నెండుకి ఢిల్లీరావు గారు ఒచ్చినారు. సేతిలో కాయితాల్లేవు. మంచం కాడ నిలబడి, ఎక్కడ కూకోవాలో తెలీనట్టు మిషన్ కేసి సూత్తన్నారు. మాష్టారు పుస్తకం మూసీసి గోడకేసి ముకం తిప్పీసినాడు.

ఎవరో ఒకరు ఏదో అనాలి కదా. కువాసీతో మాష్టారు అనగా ఇని నేర్చుకున్న మాట ఒకటుంది నాకాడ. "అసెయే వూ" అన్నాను. కూకోండి అని. పెద్దమనిషి కదా, మీరనే అన్నాను.

ఆయన కూకున్నారు. సొక్కా సెయ్యి మెల్లిగా పైకి మడిసినారు. రజని మొదటి సూది గుచ్చింది. పళ్ళు కొరుక్కున్నారు. రెండోది గుచ్చింది. మిషన్ తిరగడం మొదలైంది.

"పోలారావూ" అన్నారు, పైకప్పు కేసి సూత్తా. "ఇక్కడ నువ్వనీరా."